ఛార్జరు తీసేస్తే భూమి చల్లబడుతుందా? మన మీటరునే అడుగుదాం

(తెర మీద: అనంతపురంలో ఒక ఇంటి వరండా, గోడకు కరెంటు మీటరు, దాని మీద చిన్న ఎర్రదీపం.)

"వాడని ఫోన్ ఛార్జరును ప్లగ్గు నుంచి తీసేయండి, భూమిని కాపాడండి" అనే సందేశం ఎండాకాలం రాగానే అందరి ఫోన్లలోకీ వచ్చిపడుతుంది. అందులో నిజమెంతో తేల్చడానికి ఈ మీటరు చాలు. దీని మీద 3200 అని ముద్రించి ఉంది. అంటే ఈ ఎర్రదీపం 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ ఖర్చయినట్టు లెక్క.

ఇంట్లో అన్నీ ఆపేసి, ఫోను తగిలించని ఛార్జరును మాత్రం ప్లగ్గులో ఉంచి, గడియారం చూస్తూ ఇక్కడే నిలబడ్డాను. పావుగంట గడిచినా దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. ఇప్పటి మంచి ఛార్జర్లు ఊరికే ఉన్నప్పుడు వాడుకునేది వాట్‌లో పదో వంతుకు అటూఇటూ కాబట్టి, ఏడాదంతా అలా వదిలేసినా యూనిట్‌కు మించదు. 75 వాట్ల పాత ఫ్యాను వేస్తే దీపం 15 సెకన్లకొకసారి వెలిగింది. 2000 వాట్ల గీజరు వేశాక సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకుంది. ఛార్జరుకు ఏడాది పట్టే యూనిట్‌ను గీజరు అరగంటలో మింగేస్తుంది.

ఇలాంటి అతిశయోక్తులు పెద్ద విషయాల్లోనూ ఉన్నాయి. హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికి కరిగిపోవచ్చని వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో రాసి, అది పొరపాటని 2010లో ఒప్పుకుంది. మన కరువుల నెపం మొత్తం వాతావరణ మార్పు మీదకు నెట్టడమూ అలాంటిదే. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేయడం వల్ల సీమ వానచాటు ప్రాంతమయింది. 1876లో మొదలైన ధాత కరువు నాటికి ఫ్యాక్టరీల పొగ ఇంతగా లేదు.

అలాగని భూమి వేడెక్కడం కట్టుకథ కాదు. 1850–1900 సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దం దాదాపు 1.1 డిగ్రీలు ఎక్కువ వేడిగా గడిచిందని అదే ఐపీసీసీ లెక్క తేల్చింది, ఆ లెక్కను నేను నమ్ముతాను. నాకు పేచీ ఉన్నదల్లా కొలవకుండా చెప్పే మాటలతోనే.

(తెర మీద: పాత ఫ్యాను దించి, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగిస్తున్న దృశ్యం.)

రోజుకు పదిహేను గంటలు ఫ్యాను తిరిగే మన ఊరి ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. ఇప్పుడు మళ్లీ మీటరు చూడండి: దీపం ఒకసారి వెలిగాక, తిరిగి వెలగడానికి 37 సెకన్లు దాటుతోంది.