మొక్క కంటే ముందు మట్టం: గోదావరి మొగల్లో మడ అడవిని మళ్లీ నిలబెట్టడం

అందరికీ నమస్కారం. వన సంరక్షణ సమితుల సభ్యులు, రొయ్యల చెరువుల రైతులు, కాలేజీ విద్యార్థులు ఒకే హాల్లో కూర్చున్నారు కాబట్టి సిద్ధాంతం కొంచెంగా, పని ఎక్కువగా మాట్లాడతాను.

మడ మొక్కలు నాటే కార్యక్రమాలు మన తీరంలో కొత్త కాదు. బురదలోకి దిగి వరసగా నాటుతారు, ఫొటోలు తీస్తారు, లెక్క రాస్తారు. ఏడాది తిరిగేసరికి చాలాచోట్ల ఎండు పుల్లలు మిగులుతాయి. అప్పుడు అందరం మొక్కనే అనుమానిస్తాం: నర్సరీ మంచిది కాదు, విత్తనం ముదరలేదు, గేదెలు తినేశాయి. అవీ నిజమే కావచ్చు. కానీ ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ చోట విత్తనం దానంతటదే ఎందుకు మొలవలేదు? మడ విత్తనాలు నీళ్ల మీద తేలుతూ తిరుగుతాయి. పక్కనే అడవి ఉండి, పోటు వచ్చే దారి ఉండి, అయినా ఏళ్ల తరబడి నేల బోడిగా ఉందంటే లోపం విత్తనానిది కాదు. నేల మట్టంలోనో నీటి నడకలోనో ఉంది. అది సరిచేయకుండా నాటితే మొక్కను చంపడానికి డబ్బు ఖర్చు పెట్టినట్టే.

జీవ సముదాయాలు ఎలా మారతాయన్న దాని మీద వందేళ్లుగా వాదం నడుస్తోంది. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లెమెంట్స్, ఒక చోటి వృక్ష సముదాయం మెట్టు మెట్టుగా ఎదిగి చివరికి ఒక స్థిరమైన అడవిగా నిలుస్తుందన్నాడు. 1926లో గ్లీసన్ దాన్ని ఒప్పుకోలేదు. ఏ జాతి దారి దానిది, విత్తనం చేరిన చోట నేల పడితే బతుకుతుంది, అంతకు మించి ఉమ్మడి ప్రణాళిక ఏదీ లేదన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో మడ అడవిని ఇంకా క్లెమెంట్స్ పద్ధతిలోనే చెబుతారు: సముద్రం వైపు తొలి మొక్కలు, వాటి వెనక ముదురు అడవి, ఇంకా వెనక్కి పోతే మెట్ట చెట్లు. డెల్టాలో ఈ బొమ్మ సగమే నిజం. మెక్సికోలోని టబాస్కో డెల్టాను పరిశీలించిన థామ్ అనే శాస్త్రజ్ఞుడు 1967లోనే చూపించాడు: నది ఒండ్రు ఎక్కడ దింపితే, ఏ పాయ పూడితే, ఏ తిప్ప కోసుకుపోతే దాన్నిబట్టి అడవి సర్దుకుంటుంది. నేల ముందు నడుస్తుంది, చెట్టు వెనక వస్తుంది.

గౌతమి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర కొత్తగా పడిన ఒండ్రు గట్టు చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. పాయ అంచున ముందు దబ్బగడ్డి పట్టుకుంటుంది. మెత్తటి కొత్త బురదలో కళింగ లేస్తుంది. మట్టం కాస్త పెరిగాక తెల్లమడ, నల్లమడ వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల పెద్దపోటు మాత్రమే అందే వెనక భాగంలో తిల్ల ఉంటుంది. ఉప్పు మరీ తేరిన ఖాళీల్లో ఎర్రబారిన ఇలకూర తప్ప మరేమీ కనబడదు. ఇది కాలక్రమంలో ఒకదాని వెనక ఒకటి వచ్చిన వరస అనిపిస్తుంది కానీ, చాలా మటుకు ఇది ఎత్తుల వరస. 1928లోనే వాట్సన్ అనే అటవీ అధికారి మలయా (ఇప్పటి మలేసియా) మడ అడవుల్ని నెలలో ఎన్నిసార్లు పోటు తగులుతుందన్న దాన్నిబట్టి తరగతులుగా విడగొట్టాడు. ఇప్పటికీ అంతకంటే పనికొచ్చే కొలత లేదు.

1977లో కానెల్, స్లాటియర్ అనే శాస్త్రజ్ఞులు చెప్పిన మాట ఒకటి మాత్రం పనిలో అక్కరకొస్తుంది. ముందొచ్చిన మొక్క తర్వాత వచ్చేదానికి సాయం చేయవచ్చు, పట్టించుకోకపోవచ్చు, అడ్డుపడవచ్చు అన్నారు. ఇలకూర మొదటి రకం. దాని గుబుర్లలో తెల్లమడ విత్తనాలు చిక్కుకుని పాటు (వెనక్కి తీసే) నీళ్లతో కొట్టుకుపోకుండా ఆగుతాయి. నేల శుభ్రం చేస్తున్నామని ఇలకూర పీకించేవాళ్లు ఈ సాయాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నారు. ఎత్తు గట్ల మీద సర్కారు తుమ్మది అడ్డుపడే రకం. ఒకసారి అల్లుకుంటే కింద ఇంకేదీ మొలవనివ్వదు. కొట్టేస్తే చాలదు, మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది, వేరు మెడతో సహా పెకలించాలి.

ఇక బోడి నేలలు ఎలా పుట్టాయో చూద్దాం. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందు ఈ అడవుల్ని వంటచెరకు కోసం కూపులుగా విడగొట్టి, కూపులో ఉన్న చెట్లన్నీ ఒకేసారి కొట్టేవారు. చెట్టు పోతే నీడ పోయింది. ఎండ నేరుగా బురద మీద పడింది. బురదలోని నీళ్లు ఆవిరయ్యాయి, వేళ్లు కుళ్లి నేల కుంగింది. కుంగిన చోటు పళ్లెంలా తయారైంది. పెద్దపోటు రోజుల్లో నీళ్లు ఎక్కుతాయి, పాటుకి దిగడానికి దారి లేదు. నిలిచిన నీళ్లు ఎండి ఉప్పు మిగులుతుంది, పక్షం తిరక్క ముందే మళ్లీ ఉప్పునీళ్లు ఎక్కుతాయి. సముద్రపు నీళ్లలో ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్లు అయితే, ఇలాంటి గుంటల మట్టిలో వేసవికి అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. తెల్లమడ చాలా ఓర్చుకునే చెట్టే, ఆకుల మీదున్న గ్రంథుల నుంచి ఉప్పు బయటికి తోసేస్తుంది. కానీ లేత మొలకకు ఆ శక్తి ఇంకా రాదు. దీనికి తోడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వేసవిలో నీళ్లన్నీ కాలువలకే పోతాయి, కిందికి తీపినీళ్లు దిగేది వరదల కాలంలోనే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉప్పును కడిగే నాథుడు లేడు.

కాబట్టి మొదటి పని కొలత. కాకినాడ తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య ఎత్తు తేడా సుమారు ఒకటిన్నర మీటరు. మడ చెట్లు ఉండేది అందులో పై సగంలోనే, అంటే సగటు సముద్ర మట్టం నుంచి పెద్దపోటు అంచు దాకా. మహా అయితే డెబ్భై, ఎనభై సెంటీమీటర్లు. అడవంతా ఆ కొద్ది ఎత్తులోనే ఇమిడి ఉంది. పదిహేను సెంటీమీటర్లు తేడా పడిందంటే అందులో అయిదో వంతు తప్పినట్టు. ఫ్లోరిడాలో మడ పునరుద్ధరణలో పేరున్న రాబిన్ లూయిస్ లెక్క ప్రకారం నేల మొత్తం కాలంలో మూడో వంతుకు మించి నీళ్ల కింద ఉండకూడదు. మెత్తటి బురద కనబడింది కదా అని అంతకంటే కిందికి దిగి నాటితే మొక్క ఊపిరాడక చస్తుంది, కాండానికి గుల్లలు పట్టి బరువుకు వంగిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో పెద్ద పెద్ద నాటే కార్యక్రమాలు ఇలాగే పోయాయి. అక్కడ బతికినవి సాధారణంగా వందకు పది, ఇరవై.

ఈ కొలతకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన ట్యూబు చాలు. బుడగలు లేకుండా నీళ్లు నింపండి. దగ్గర్లో బాగా ఎదిగిన తెల్లమడ చెట్టు మొదలు దగ్గర ఒక చివర, బోడి నేలలో ఇంకో చివర పట్టుకుని, రెండు చోట్లా ట్యూబులోని నీటి మట్టం నుంచి నేల దాకా కొలిచి తేడా రాసుకోండి. ప్రతి పది మీటర్లకు ఒకసారి కొలుచుకుంటూ పొండి. చెట్టు మొదలు కంటే బోడి నేల పల్లంగా ఉండి, మధ్యలో మిట్ట అడ్డుంటే అది పళ్లెం నేల. ఆ తర్వాత అక్కడే మూరెడు లోతు గుంట తీసి, ఊరిన నీళ్లు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూడండి. ఆ పరికరం మీలో రొయ్యల రైతులందరి దగ్గరా ఉంది. చెట్ల కింద ఒకసారి, బోడి నేలలో ఒకసారి, వేసవిలో ఒకటి, వరదల్లో ఒకటి, మొత్తం నాలుగు లెక్కలు కావాలి.

పళ్లెం నేలకు మందు చేపముల్లు ఆకారంలో కాలువలు. మన మొగల్లో ఈ పద్ధతిని స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి 1990ల చివర్లో మొదలుపెట్టాయి. సహజ పాయ నుంచి ఒక పెద్ద కాలువ ఏటవాలుగా లోపలికి వెళుతుంది, దానికి రెండు వైపులా చిన్న కాలువలు ముళ్లలా చీలతాయి. తిన్నగా లంబంగా తవ్వితే కలిసే చోట నీళ్లు గుద్దుకుని ఒండ్రు దింపేస్తాయి. ఏటవాలుంటే సాఫీగా ఎక్కి దిగుతాయి. పెద్ద కాలువ పైన సుమారు మూడు మీటర్లు, లోతు మీటరు. చిన్నది పైన రెండు మీటర్లు, అడుగున అర మీటరు, లోతు ముప్పావు మీటరు. చిన్న కాలువల మధ్య దూరం పన్నెండు మీటర్లు అటూ ఇటూగా. గోడలు నిలువుగా ఉంటే వర్షానికి కూలతాయి, వాలుగా కోయాలి.

అడుగు వాలు ఎప్పుడూ పాయ వైపే ఉండాలి. పాటుకి కాలువ పూర్తిగా ఖాళీ అయితేనే మీరు తవ్వింది కాలువ, లేకపోతే ఇంకో గుంట. పని మాఘంలో మొదలుపెట్టి వేసవి ముగిసేలోగా పూర్తి చేయాలి. తవ్వకం లోపలి నుంచి బయటికి రావాలి, పాయ దగ్గర అడ్డు ఆఖర్న తెంచాలి. ఆ తర్వాత వర్షాలు, వరద నీళ్లు ఒక కాలం పాటు ఉప్పును కడగనివ్వండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు మట్టి పోయడంలో. పైన చెప్పిన కొలతలతో చిన్న కాలువ వంద మీటర్లు తవ్వితే తొంభై ఘనపు మీటర్లకు పైగా మట్టి వస్తుంది. పొక్లెయిన్ డ్రైవరుకు చెప్పకపోతే దాన్ని కాలువ వెంట రెండు వైపులా గట్టులా పోసుకుంటూ పోతాడు, చేలో అలవాటైన పని కదా. ఆ గట్టు పోటు నీళ్లను పక్కకు పొర్లనివ్వదు. కాలువ నిండుగా కనిపిస్తుంది, పక్క నేల మాత్రం ఉప్పుతోనే మిగులుతుంది. మట్టిని పల్లాల్లో పలచగా పరచాలి, కుప్పలుంటే మధ్యలో సందులు వదలాలి.

నాటేది వరదలతో ఉప్పు తగ్గిన నెలల్లో. కాలువ అడుగున కాదు, గట్టు మీదా కాదు, వాలు మధ్యలో. అడుగునైతే మునుగుతుంది, పైనైతే రోజూ పోటు అందదు. రెండు మీటర్లకొకటి చొప్పున రెండు వాలుల్లో కలిపి వంద మీటర్ల కాలువకు వంద మొక్కలు. తెల్లమడ విత్తనం రాలిన కొద్ది రోజులకే పాడవుతుంది, ఏరిన వెంటనే పాయ బురద నింపిన సంచుల్లో వేయాలి. ఉప్పుపొన్న కాడలు చెట్టు మీదే మొలకెత్తి వేలాడతాయి. పైన టోపీ దగ్గర మెడ రంగు తిరిగితే ముదిరినట్టు. మొన తిరిగిన చివర కిందికి పెట్టి మూడో వంతు బురదలో గుచ్చాలి. నవ్వకండి, కూలీలు కొత్తవాళ్లయితే తలకిందులుగా గుచ్చిన వరసలు కనబడతాయి. మొదటి రెండేళ్లు గేదెల్ని ఆపాలి, తెల్లమడ ఆకు వాటికి ఇష్టం. కంచె కంటే పశువుల కాపర్లతో ఒప్పందమే నిలుస్తుంది.

నాటినవి బతకడం ఒక్కటే గెలుపు కాదు. అయిదారేళ్లకు కాలువల మధ్య ఖాళీలో మీరు నాటని మొలకలు రావాలి. పీతలు బొరియలు తవ్వాలి, వాటి ద్వారానే బురదలోకి గాలి పోతుంది. చేపలు తిరిగితే నీటికుక్కలు, బావురుపిల్లి వాటంతటవే వస్తాయి. ఒక్క తెల్లమడే వరసలుగా ఉన్న చోటును అడవి అనడానికి నాకు మనసొప్పదు, అది తోట. నాలుగో ఏడు తర్వాత ఖాళీలున్న చోట ఉప్పుపొన్న, గుగ్గిలం లాంటి వేరే మడ జాతులు కలపండి.

వదిలేసిన రొయ్యల చెరువుల సంగతి వేరు. తెల్లమచ్చ తెగులు దెబ్బకు 1990ల మధ్యలో కొన్ని, తీరం అంచున రొయ్యల చెరువులు వద్దన్న 1996 డిసెంబరు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కొన్ని మూతపడ్డాయి. పట్టానా, అటవీ భూమా అన్నది ముందు తేల్చుకోవాలి, లేకపోతే పెట్టిన శ్రమ కోర్టులో ఆగుతుంది. గట్లన్నీ ఒకేసారి పడగొట్టవద్దు. పాత మ్యాపులో పాయ ఎక్కడుందో చూసి అక్కడే ఒక కోత పెట్టండి, చెరువు అడుగు మట్టం దాకా దింపండి. ఎదురెదురుగా రెండు కోతలు పెడితే నీళ్లు మధ్యలో గాడి కోసుకుని తిన్నగా పోతాయి, మూలలు అలాగే నిలువనీళ్లతో ఉంటాయి. గట్టు మట్టి మీద గడ్డి రంగు పసుపు మచ్చలుంటే అది ఆమ్లం తేరిన మట్టి. ఎండిన బురదలోని గంధకం గాలి తగిలి ఆమ్లమవుతుంది. ఆ మట్టిని చెరువులోకి తోస్తే మొదటి వానకే మొలకలు మాడతాయి. ముందు పోటు నీళ్లతో పదే పదే కడగాలి.

సముద్రం ముఖాన కోతపడుతున్న చోట ఇవేవీ పనిచేయవు. గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుంటే, పైన ఆనకట్టలు కట్టాక 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఒండ్రు రాని తీరంలో మొక్క నాటడం అలకు మేత పెట్టడమే. ఇసుక తీరంలో సరుగుడును అల తగిలే అంచు దాకా నాటడం కూడా మానాలి. అక్కడ రావణాసురుడి మీసాలు, బాలబందు తీగ ఇసుకను బాగానే పట్టి ఉంచుతాయి, గుడ్లు పెట్టే సముద్ర తాబేళ్లకూ దారి ఉంటుంది.

చివరిగా లెక్కల మాట. చేపముల్లు కాలువలు రెండు మూడేళ్లకు పూడతాయి. పథకాల డబ్బు కూడా సరిగ్గా అప్పుడే అయిపోతుంది. కాబట్టి అంచనా రాసేటప్పుడే అయిదేళ్ల పూడికతీత ఖర్చు అందులో వేయండి, దానికి సరిపడా మొక్కల సంఖ్య తగ్గించుకున్నా ఫర్వాలేదు. పది మీటర్ల చదరాలు కొన్నిటికి కర్రలు పాతి, ఏటా ఒకే నెలలో బతికిన మొక్కలు, కొత్త మొలకలు, గుంటలో నీటి ఉప్పు, మూడూ రాయండి. ఉప్పు మళ్లీ పెరుగుతోందంటే మొక్కల మీద ఇంకా ఏమీ కనబడకపోయినా ఏదో కాలువ పూడిందని అర్థం. పాటు వేళ కాలువ వెంట నడిచి నీళ్లు నిలిచిన చోటు పట్టుకోండి.