పెద్దాసుపత్రి తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి?

హోస్ట్: అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న డాక్టర్ గారు కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. తర్వాత సీమలోని ప్రభుత్వ కాలేజీల్లోనే పాఠాలు చెప్పి, సర్జరీ ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. కొన్నేళ్ళు సూపరింటెండెంట్‌గా కూడా చేశారు. తన పేరు చెప్పొద్దన్నారు, అందుకే నేను సార్ అనే పిలుస్తాను. సార్, నేరుగా మా అవ్వ సంగతితోనే మొదలుపెడతాను.

డాక్టర్: చెప్పమ్మా.

హోస్ట్: పోయినేడాది అవ్వ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒక ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చేర్చాం, ఏ ఊరని చెప్పను. మొదటిరోజు ఒక అమ్మాయి వచ్చి ఎట్లా పడింది, షుగర్ ఉందా, బీపీ ఉందా అని అన్నీ రాసుకుంది. గంట తర్వాత ఇంకొకరు వచ్చి అవే అడిగారు. సాయంత్రం మూడో ఆయన. అవ్వకు ఏడుపొచ్చింది. ‘ఈడ పెద్ద ఎవురూ లేరా, అందరూ అడిగేవాళ్ళేనా’ అనింది. నాకూ అట్లాగే అనిపించింది సార్.

డాక్టర్: చాలామందికి అట్లాగే అనిపిస్తుంది. అయితే టీచింగ్ హాస్పిటల్లో పెద్ద ఉంటాడు. ఆయన ఒక్క మనిషిగా ఉండడు, ఒక యూనిట్‌గా ఉంటాడు. ప్రొఫెసర్ యూనిట్ చీఫ్. ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వాళ్ళ కింద పీజీలు, అంటే స్పెషలిస్టు చదువు చదివే డాక్టర్లు, అందరికంటే కింద హౌస్ సర్జన్లు, అంటే ఎంబీబీఎస్ చివర్లో వార్డులో పని నేర్చుకునేవాళ్ళు. మొదట వచ్చిన అమ్మాయి హౌస్ సర్జన్ అయి ఉంటుంది, రెండో ఆయన పీజీ. ప్రతి యూనిట్‌కూ వారంలో ఒక ఓపీ రోజు, ఒక అడ్మిషన్ రోజు ఉంటాయి. నువ్వు ఆ రోజు వచ్చి చేరావంటే ఇంటికి పోయేదాకా ఆ యూనిట్ పేషెంటువే. కేస్ షీట్ మీద యూనిట్ నంబర్ రాసి ఉంటుంది. ఇది ఎవరూ చెప్పరు. చెప్పాలి.

హోస్ట్: మరి అదే ప్రశ్న మూడుసార్లు ఎందుకు?

డాక్టర్: పిల్లలు నేర్చుకోవాలి కదా, అది ఒక కారణం. రెండోది నీకు ఒక కేసుతో చెప్తాను. నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు ఒక కూలీని తెచ్చారు. కడుపునొప్పి, వాంతులు. చీటీ మీద సర్జరీ అని రాసి మా దగ్గరికి పంపారు. పీజీ కడుపు నొక్కి చూసి అపెండిక్స్ అనుకున్నాడు. థియేటర్‌కు చెప్పడానికి పోతున్నాడు. ఇంతలో హౌస్ సర్జన్ పాప ఒకతి మళ్ళీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టింది. ఆ మనిషి చొక్కా చెమటతో తడిసి ముద్దైంది, ఫ్యాన్ తిరుగుతానే ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది. టార్చి వేసి చూస్తే కంటిపాపలు సూదిమొనంత ఉన్నాయి. పెళ్ళాన్ని అడిగింది, ‘పొద్దున ఏం పని చేసినాడమ్మా’ అని. ‘పత్తి చేలో మందు కొట్టొచ్చినాడు’ అనింది ఆమె. అంతే. అది అపెండిక్స్ కాదు, పురుగుమందు ఒంట్లోకి పోయింది. వెంటనే దానికి విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టి మెడిసిన్ వాళ్ళకు ఇచ్చాం. బతికాడు. కత్తి పెట్టుంటే టేబుల్ మీదే పోయేవాడేమో. ఆ పాప మూడోసారి అడిగింది కాబట్టి బయటపడింది.

హోస్ట్: ఇప్పుడు అర్థమైంది సార్. అవ్వకు చెప్తాను. మరి ఈ యూనిట్లన్నిటినీ నడిపేదెవరు? ప్రిన్సిపాల్ అంటారు, సూపరింటెండెంట్ అంటారు...

డాక్టర్: కాలేజీకి ప్రిన్సిపాల్, ఆసుపత్రికి సూపరింటెండెంట్. ఇద్దరూ వేరు. ఒకే డాక్టరు పొద్దున వార్డులో ఉన్నప్పుడు సూపరింటెండెంట్ మాట వినాలి, మధ్యాహ్నం క్లాసుకు పోతే ప్రిన్సిపాల్ మాట. ఇద్దరి పైనా డీఎంఈ, అంటే వైద్య విద్యా సంచాలకులు. ఏరియా ఆసుపత్రులేమో ఎన్నో ఏళ్ళు వైద్య విధాన పరిషత్ కింద ఉంటూ వచ్చాయి. పల్లెలో పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖ కింద. పేషెంటుకు రోగం ఒకటే, తలుపులు మాత్రం మూడు. రాత్రి రెండు గంటలకు 108లో రిఫరల్ చీటీ పట్టుకుని వస్తాడు, కిందనుంచి ఒక్క ఫోను కూడా రాదు. క్యాజువాలిటీలో ఉన్న పిల్ల డాక్టరు అప్పుడు బెడ్ వెతకడం మొదలుపెడుతుంది.

హోస్ట్: మనకు గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా వస్తారు కదా.

డాక్టర్: వస్తారు. రావాలి కూడా. తుంగభద్ర దాటితే తెలంగాణ, ఇటు పోతే కర్ణాటక. నొప్పి పడేవాడికి రాష్ట్రం అడ్డం రాకూడదు. అయితే మందుల బడ్జెట్టు మన రాష్ట్రం లెక్కలోనే ఉంటుంది. ఆ భారం ఆసుపత్రి మోస్తుంది.

హోస్ట్: ఈ కాలేజీ ఇక్కడికి ఎట్లా వచ్చింది సార్? రాజధాని పోయినందుకు ఇచ్చారంటారు.

డాక్టర్: 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. 1957లో ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. అంతకుముందు కోస్తాలో విశాఖపట్నం 1923లో, గుంటూరు 1946లో వచ్చాయి. సీమకు ఇదే మొదటిది. తిరుపతికి 1960లో వచ్చింది. అనంతపురానికి మాత్రం 2000 దాకా రాలేదు, కడపలో రిమ్స్ కాలేజీ 2006లో. అంటే అనంతపురం జిల్లావాళ్ళు నలభై ఏళ్ళకు పైగా తల దెబ్బ తగిలితే కర్నూలుకో బెంగళూరుకో పరుగెత్తారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

హోస్ట్: ఇప్పుడు కాలేజీలు పెరుగుతున్నాయి. 2023లో నంద్యాలలో మొదలైంది. ఆదోని గురించి పెద్ద గొడవే నడుస్తోంది.

డాక్టర్: సీట్లు పెంచాలంటే బెడ్లు చూపించాలి. మెడికల్ కాలేజీలకు అనుమతులిచ్చే నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల్లో 50 సీట్లకు 220 పడకలు, 100కు 420, 150కు 605. బెడ్లు, గోడలు మూడేళ్ళలో వచ్చేస్తాయి. నా బాధంతా ప్రొఫెసర్ గురించి. లెక్క వేద్దాం. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్ళు. పీజీ 3. సీనియర్ రెసిడెంట్‌గా 1. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా 4 ఏళ్ళు చేస్తే అసోసియేట్, ఇంకో 3 చేస్తే ప్రొఫెసర్. ఎంతయింది?

హోస్ట్: పదహారున్నర.

డాక్టర్: ఒక్కరోజు కూడా వృథా కాకుండా పోతే పదహారున్నర. ఎవరికీ అట్లా జరగదు. మరి ఒకేసారి ఇన్ని కాలేజీలు తెరిస్తే యూనిట్ చీఫ్ ఎక్కడినుంచి వస్తాడు? పాత కాలేజీ నుంచే వస్తాడు. ఇక్కడ నలుగురున్న యూనిట్ ఇద్దరవుతుంది. 2025లో నిబంధన కొంచెం సడలించారు. 220 పడకల పైబడిన ప్రభుత్వ ఆసుపత్రిలో పదేళ్ళు చేసిన స్పెషలిస్టును అసోసియేట్ ప్రొఫెసర్‌గా తీసుకోవచ్చు. మంచిదే, ఖాళీ కుర్చీ కంటే నయం. కానీ వైద్యం బాగా చేయడం వేరు, పక్కన పది మంది పిల్లల్ని నిలబెట్టుకుని చేయడం వేరు. వాళ్ళకు ఒక ఏడాది మంచి ప్రొఫెసర్ పక్కన ఉండే అవకాశం ఇవ్వాలి.

హోస్ట్: కాలేజీలో డాక్టర్లు సరిపడా ఉన్నారా అని చూసే ఇన్‌స్పెక్షన్ వస్తే పక్క ఊరి నుంచి డాక్టర్లను తెచ్చి చూపిస్తారని విన్నాం.

డాక్టర్: డిప్యుటేషన్ అంటారు. పాత రోజుల్లో అందరికీ తెలిసిన పద్ధతి. నేనూ రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను. ఇన్‌స్పెక్షన్ అయిపోగానే వెనక్కి. నేను లేని ఆ రోజుల్లో నా యూనిట్ ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండాల్సింది, పెట్టాను. ఇప్పుడు ఆధార్‌తో ముఖం చూపి, లొకేషన్‌తో హాజరు వేయాలి. దానితో ఖాళీలు ఉన్నవి ఉన్నట్టు కనబడుతున్నాయి. కనబడటం మంచిది. అప్పుడే భర్తీ చేయమని అడగగలం.

హోస్ట్: ఆదోని మాట దాటేశారు సార్.

డాక్టర్: దాటేయను. కొత్త కాలేజీల్లో 10 పీపీపీలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో నడిపేలా ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. అందులో ఆదోని, పులివెందుల, మదనపల్లె ఉన్నాయి. డబ్బుల్లేవని ఒకరంటున్నారు, పేదవాడి సీటు పోతుందని ఇంకొకరు. నేను పార్టీల మాట చెప్పను. ఒప్పందం కాగితంలో మూడు సంగతులు చదవమంటాను. ఉచిత పడకలు ఎన్ని, రాత్రిపూట క్యాజువాలిటీ ఎవరిది, డాక్టరు జీతం ఎవరిస్తారు. నా వరకు నేను ప్రభుత్వమే నడపాలనేవాణ్ణి. నేను చదివిన ఫీజుకు మా నాయన రెండు ఎద్దుల్లో ఒకటి అమ్మలేదు కాబట్టే ఈ మాట అంటున్నాను.

హోస్ట్: సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు చేతిలో డబ్బులుండేవా?

డాక్టర్: జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి. మందులు చాలావరకు ఏపీఎంఎస్ఐడీసీ అనే ప్రభుత్వ సంస్థ కొని సెంట్రల్ స్టోరుకు పంపుతుంది. మనం ఇండెంట్, అంటే కావాల్సినవాటి జాబితా పెట్టి తెచ్చుకోవాలి. ఆసుపత్రి తానుగా సంపాదించేది ఆరోగ్యశ్రీ డబ్బు. అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అందులో ఒక వాటా ఆపరేషన్ చేసిన టీముకు, మిగతాది ఆసుపత్రికి. దాన్ని ఖర్చు పెట్టాలంటే ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ మీటింగు జరగాలి. పెద్దవాళ్ళ డేటు దొరకాలి.

హోస్ట్: దొరక్కపోతే?

డాక్టర్: ఒక ఆసుపత్రిలో ఆటోక్లేవ్ తలుపుకు చుట్టూ ఉండే రబ్బరు చీలింది. ఆటోక్లేవ్ అంటే ఆపరేషన్ సామాన్లు ఆవిరిలో శుద్ధి చేసే పెట్టె. రబ్బరు చీలితే ఆవిరి నిలవదు, పెట్టె పనిచేయదు. రబ్బరు ఖరీదు కొన్ని వేలు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు వాళ్ళకు ఫోన్ చేస్తే పార్టు రావాలన్నారు. బయట కొనాలంటే ఫైలు పై ఆఫీసుకు పోవాలి. నాలుగు రోజులు పట్టింది. మొదటిరోజు పొద్దున ఆపరేషన్‌కని రాత్రి నుంచి నీళ్ళు కూడా తాగకుండా ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. థియేటర్ సిస్టర్ పదకొండింటికి వార్డుకు పోయి ‘ఈరోజు లేదమ్మా, తినండి’ అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఒక ముసలాయన ‘రేపు కూడా పస్తేనా సారూ’ అని నన్నడిగాడు. కోట్ల రూపాయల ఆసుపత్రికి పెద్దను నేను, ఒక రబ్బరు కొనలేకపోయాను. ఆ ముసలాయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

హోస్ట్: మీకు ఒక్క అధికారం ఇస్తామంటే?

డాక్టర్: చిన్న రిపేర్లకు అదే రోజు డబ్బు ఖర్చుపెట్టే అధికారం. నెలాఖరుకు లెక్క గోడమీద అంటిస్తాం, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. రెండోది, అడక్కపోయినా చెప్తాను. యూనిట్‌లో ఖాళీ వస్తే ఇన్‌స్పెక్షన్ కోసం కాకుండా పేషెంటు కోసం నింపాలి. సరే, అవ్వ ఇప్పుడెట్లా ఉంది?

హోస్ట్: కర్ర పట్టుకుని నడుస్తోంది. కానీ చూపించడానికి పోయిన ప్రతిసారీ కొత్త డాక్టరే. మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. డిశ్చార్జ్ చీటీ తెచ్చాను, చూడండి.

డాక్టర్: ఇదిగో, పైన కుడిపక్క చూడు. ఆర్థో, యూనిట్ మూడు. కింద ఓపీ గురువారం అని రాసుంది. మీరు ఏ రోజు తీసుకుపోతున్నారు?

హోస్ట్: శనివారం. నాకు ఆ రోజే సెలవు.

డాక్టర్: శనివారం వేరే యూనిట్ వాళ్ళుంటారు. వాళ్ళకు అవ్వ కొత్త మనిషి. ఈ గురువారం తీసుకుపో. ఎనిమిదిన్నరకల్లా ఓపీ చీటీ తీసుకుని, ఈ కాగితం పైన పెట్టి ఇవ్వు. ఆపరేషన్ చేసిన చేతులే చూస్తాయి.