లాసెట్‌కి ఎలా చదవాలి? తిరుపతి ఫోన్-ఇన్‌లో అడిగినవి, చెప్పినవి

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈ రోజు విషయం లాసెట్, అంటే మన రాష్ట్రంలో లా కాలేజీల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష. లా కాలేజీలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, నేరుగా కాల్స్‌కి వెళ్దామా?

మేడమ్: వెళ్దామండి. ఒక్క నిమిషం, పేపర్ ఎలా ఉంటుందో ముందే చెప్పేస్తా, లేకపోతే ప్రతి కాల్‌లోనూ అదే చెప్పాల్సి వస్తుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. కరెంట్ అఫైర్స్ 30. మిగతా 60 లా ఆప్టిట్యూడ్. అంటే సగం పేపర్ ఆ మూడో భాగమే. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే పై ర్యాంకు ఎవరిదో తేల్చడానికి ముందు చూసేది కూడా ఆ భాగం మార్కులే. అయినా మన పిల్లలు నెలల తరబడి జీకే బిట్లు బట్టీపట్టి, దీన్ని చివరి పది రోజులకి వదిలేస్తారు. నా బాధంతా అక్కడే.

వ్యాఖ్యాత: మొదటి కాల్ చంద్రగిరి నుంచి. చెప్పండి.

చంద్రగిరి: నమస్తే మేడమ్. నేను బీఏ తెలుగు మీడియంలో చేశాను. తిరుపతి బస్టాండ్ దగ్గర లాడ్జిలో రిసెప్షన్‌లో చేస్తున్నా, నైట్ డ్యూటీ. పరీక్షకి రెండు నెలలే ఉంది. ఇంగ్లీషు అంటే భయం మేడమ్, అది చూసే వద్దులే అనుకుంటున్నా.

మేడమ్: వద్దు అనుకోవద్దు నాయనా. పేపర్ తెలుగులోనూ ఉంటుంది, ఇంగ్లీషులోనూ ఉంటుంది. తెలుగు వాక్యం తికమకగా అనిపిస్తే పక్కనున్న ఇంగ్లీషు చూడు, అంతే. కానీ లా మాటలు మాత్రం రెండు భాషల్లోనూ తెలియాలి. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత కొట్టు. ఎడమ పక్క హెబియస్ కార్పస్, కుడి పక్క బందీ ప్రత్యక్ష. కింద ఒక్క ముక్క రాసుకో, అక్రమంగా బంధించిన మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మనడం అని. తర్వాత మాండమస్, పరమాదేశ, అధికారి చేయాల్సిన పని చేయకపోతే చేయమనడం. కో వారంటో అంటే అధికార పృచ్ఛ, ఏ అర్హతతో ఆ కుర్చీలో కూర్చున్నావని అడగడం. ఇలా రోజుకి ఐదు మాటలు చాలు. రెండు నెలలకి మూడు వందలవుతాయి. నైట్ డ్యూటీలో రాత్రి రెండింటి తర్వాత జనం తగ్గుతారు కదా?

చంద్రగిరి: తగ్గుతారు మేడమ్, మళ్ళీ నాలుగింటికి దర్శనానికి వెళ్ళేవాళ్ళు లేస్తారు.

మేడమ్: ఆ రెండు గంటలు నీవే. రాజ్యాంగం పెట్టుకో. గైడు కాదు, రాజ్యాంగమే. 12 నుంచి 35 వరకు ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 వరకు ఆదేశిక సూత్రాలు, 51ఏ ప్రాథమిక విధులు. చదివేటప్పుడు ప్రతి ఆర్టికల్ దగ్గర ఆగి ఇది ఎవరికి వర్తిస్తుందని అడుగు. మీ లాడ్జిలోకి జర్మనీ నుంచి ఒక భక్తుడు వచ్చి దిగాడనుకో. అతనికి 14వ ఆర్టికల్ ఉందా?

చంద్రగిరి: లేదేమో మేడమ్, మన పౌరుడు కాదు కదా.

మేడమ్: ఉంది. 14లో ఏ వ్యక్తికీ అని ఉంటుంది, పౌరులకి అని ఉండదు. 21 కూడా అంతే, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ అతనికీ ఉంటుంది. అదే 19 చూడు, అక్కడ పౌరులందరికీ అని రాసుంటుంది. అంటే వాక్ స్వాతంత్ర్యం, ఇష్టమైన వృత్తి చేసుకునే హక్కు లాంటివి అతనికి 19 కింద రావు. ఈ ఒక్క మాట తేడా మీద ప్రశ్న అడగడం చాలా మామూలు. గైడులో ఆర్టికల్ 19, వాక్ స్వాతంత్ర్యం అని ఒక లైను ఉంటుంది, ఈ తేడా కనపడదు. అందుకే అసలు వాక్యం చదవమంటున్నా. ఇంకొకటి, నెగటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. నేను నా ఎంట్రెన్స్ రాసినప్పుడు ఈ సంగతి సరిగ్గా చదువుకోక, తప్పయితే మార్కు పోతుందన్న భయంతో తొమ్మిది ప్రశ్నలు వదిలేశాను. అక్కడ కూడా నెగటివ్ లేదు. నాకు కావలసిన కాలేజీ చేజారింది. సూచనల పేజీ పూర్తిగా చదవమని ఇప్పటికీ ప్రతి పిల్లాడికీ చెబుతా.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ పలమనేరు నుంచి.

పలమనేరు: నమస్కారమమ్మా. మాది మామిడి తోట, తోతాపురి. మా పాప ఇంటర్ సెకండియర్. లాయరవుతానంటోంది. కాలేజీలో వాళ్ళు క్లాట్ రాయమంటున్నారు, ఇక్కడ లాసెట్ అంటున్నారు. రెండిట్లో ఏది మంచిది?

మేడమ్: రెండూ వేరు వేరు దారులన్నా. క్లాట్ జాతీయ లా యూనివర్సిటీలకి, అంటే హైదరాబాద్ నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ లాంటివాటికి. అది పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. దానిలోనూ 120 ప్రశ్నలే, కానీ రెండు గంటలు ఇస్తారు, తప్పుకి పావు మార్కు కోస్తారు, దాదాపు ప్రతిదీ పేరా చదివి రాయాల్సిన ప్రశ్నే. ఈమధ్య డిసెంబరులోనే పెడుతున్నారు కాబట్టి ఇంటర్ పరీక్షలకి ముందే పడుతుంది. లాసెట్ మన రాష్ట్రంలోని లా కాలేజీలకి. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ళది. ఇక్కడే పద్మావతి మహిళా యూనివర్సిటీలో కూడా ఐదేళ్ళ కోర్సు ఉంది, ఆడపిల్లని దూరం పంపలేమనేవాళ్ళు అది చూసుకోవచ్చు. పాప ఇంగ్లీషు పేపర్ రోజూ చదవగలిగితే రెండూ రాయించండి. క్లాట్‌కి చదివింది లాసెట్‌కి వృథా పోదు. పాప పక్కనుందా?

పలమనేరు: ఉంది, ఇదో ఇస్తున్నా.

మేడమ్: అమ్మా, మీ నాన్న తోట మీదే ఒక ప్రశ్న. ఒక వ్యాపారి ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు, టన్ను ఈ రేటుకి మీ తోట కాయంతా నేను తీసుకుంటా, శనివారంలోపు మీరేమీ చెప్పకపోతే బేరం కుదిరినట్టే అని. నాన్న జవాబివ్వలేదు. సోమవారం ఇంకొకరికి అమ్మేశాడు. వ్యాపారి కోర్టుకి వెళ్ళాడు. గెలుస్తాడా?

పలమనేరు (పాప): వ్యాపారి ముందే చెప్పాడు కదా మేడమ్... గెలుస్తాడు.

మేడమ్: గెలవడు తల్లీ. ఒప్పుకున్నానన్న సంగతి అవతలివాడికి తెలియజేస్తేనే ఒప్పందం. మౌనాన్ని అంగీకారం అనుకోమని ఎదుటివాడు తనంతట తాను షరతు పెట్టలేడు. 1862లో ఇంగ్లండ్‌లో ఒక గుర్రం బేరం మీద ఇదే తేలింది, ఫెల్ట్‌హౌస్ కేసంటారు. నీకు తప్పు ఎందుకొచ్చిందో చూడు. న్యాయంగా ఏది అనిపిస్తే అది చెప్పావు. లా ఆప్టిట్యూడ్‌లో ఒక సూత్రమిచ్చి ఒక సంఘటన ఇస్తే, ఆ సూత్రాన్ని పట్టుకునే జవాబు చెప్పాలి, మన మనసుకి నచ్చినదాన్ని కాదు. ఇప్పుడు చిన్న మార్పు చేస్తా, వింటున్న అందరికీ. నాన్న మెసేజ్ చూసి, సరే ఇతనికే ఇచ్చేద్దాం అని ఇంట్లో అమ్మతో అన్నాడు. వ్యాపారికి మాత్రం చెప్పలేదు. తర్వాత మనసు మార్చుకుని వేరేవాళ్ళకి అమ్మేశాడు. ఇప్పుడేమవుతుంది? తెలిసినవాళ్ళు కాల్ చేసి చెప్పండి, ఎందుకో కూడా చెప్పాలి.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి కాలర్ ఉన్నారు.

శ్రీకాళహస్తి: మేడమ్, మా అక్క వాడిన పాత క్వశ్చన్ బ్యాంక్ ఉంది. దాంట్లో హత్యకి 302 అని ఉంది, యూట్యూబ్‌లో 103 అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏది రాయాలి?

మేడమ్: 2024 జూలై 1 నుంచి ఐపీసీ, అంటే పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష దాంట్లో 103. అందరి నోళ్ళలో నానిన 420, అదే మోసం, ఇప్పుడు 318. సీఆర్పీసీ పోయి నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ చట్టం పోయి సాక్ష్య అధినియం. పాత పుస్తకాన్ని పారేయకు, ఒప్పందాలు, టార్టులు అంటే ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగే నష్టాల సంగతి, రాజ్యాంగం, ఈ భాగాలు దాదాపు పనికొస్తాయి. క్రిమినల్ చట్టం పేజీలు మాత్రం కొత్త పుస్తకంలోనే చదువు. ప్రశ్నలో ఏ చట్టం పేరుందో చూసి జవాబు పెట్టు. ఐపీసీ కింద అని అడిగితే 302నే.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు.

చిత్తూరు: నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మా పొలం గట్టు తగాదా పదకొండేళ్ళు కోర్టులో నడిచింది, వాయిదాకి వెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఏం మాట్లాడుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. అప్పటి నుంచి చదవాలని ఉంది. ఈ వయసులో రాయనిస్తారా? నా డిగ్రీ ఓపెన్ యూనివర్సిటీది.

మేడమ్: రాయనిస్తారమ్మా, లాసెట్‌కి వయసు అడ్డు లేదు. నా క్లాసులో రిటైరైనవాళ్ళు కూడా కూర్చున్నారు. మీ డిగ్రీ సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. మీరు టెన్త్, ఇంటర్ పాసయ్యాకే డిగ్రీలో చేరారా, లేక ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా చేరారా?

చిత్తూరు: ఇంటర్ పాసయ్యాను మేడమ్. పెళ్ళయ్యాక ఇంట్లో ఉండి డిగ్రీ కట్టాను.

మేడమ్: అమ్మయ్య. అయితే మీకు ఇబ్బంది లేదు. టెన్త్, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్ళని, లా చదువుకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాలోకి తీసుకోరు. పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసే దగ్గర ఆగిపోయి ఏడ్చినవాళ్ళని నేను చూశాను. వింటున్నవాళ్ళు ఫీజు కట్టకముందే ఇది చూసుకోండి, దయచేసి. మూడేళ్ళ కోర్సుకి డిగ్రీలో జనరల్‌కి 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 ఉండాలి. ఇంకో మాట, ఎల్ఎల్‌బీ దూరవిద్యలో చేసేది కాదు, 70 శాతం హాజరు కావాలి. ఇంట్లోవాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

వ్యాఖ్యాత: రేణిగుంట.

రేణిగుంట: మేడమ్, నేను రెండోసారి రాస్తున్నా. పోయినసారి క్వాలిఫై అయ్యాను, ర్యాంకు రాలేదు. టైమ్ చాల్లేదు, చివర్లో పాతిక ప్రశ్నలు చూడనే లేదు. జడ్జి కావాలని ఉంది.

మేడమ్: 120కి 42 వస్తే క్వాలిఫై అయినట్టే, దాంతో మంచి కాలేజీ రాదు నాయనా. 90 నిమిషాలకి 120 అంటే ఒక్కో ప్రశ్నకి 45 సెకన్లు. నువ్వు ఏ ప్రశ్న దగ్గర ఇరుక్కుపోయావు?

రేణిగుంట: రక్తసంబంధాలు, గడియారం లెక్కలు. వాటితోనే మొదలుపెట్టాను.

మేడమ్: అదే జరిగింది. ఈసారి లా భాగంతో మొదలుపెట్టు, 40 నిమిషాలు ఇవ్వు. కరెంట్ అఫైర్స్‌కి 20, తెలిస్తే తెలుసు లేకపోతే లేదు, అక్కడ ఆలోచించేదేం ఉండదు. మిగతా 30 నిమిషాలు జీకే, మెంటల్ ఎబిలిటీకి. లెక్క తెగకపోతే గుర్తు పెట్టుకుని ముందుకెళ్ళిపో, చివరి రెండు నిమిషాల్లో ఖాళీలన్నిటికీ ఏదో ఒకటి పెట్టెయ్. అధికారిక సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది, కంప్యూటర్ ముందు కూర్చుని రాయి, ఫోన్‌లో కాదు. జీకే కూడా ముక్కలుగా చదవకు, మనిషిని పట్టుకుని చదువు. మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ ఉన్నారు. లాయరు, రాజ్యాంగ సభ సభ్యుడు, 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకి వెళ్ళారు, తొలి డిప్యూటీ స్పీకర్, 1956లో స్పీకర్. ఒక్క మనిషితో నాలుగైదు బిట్లు గుర్తుంటాయి. అలాగే కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత సుప్రీంకోర్టుకి, 1967లో గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదని అన్నారు. 1973లో 13 మంది జడ్జిలు కూర్చుని కేశవానంద భారతి కేసులో ఏడుగురు ఒక పక్క, ఆరుగురు ఒక పక్క అయ్యారు, ఆ ఏడుగురు రాజ్యాంగాన్ని సవరించొచ్చు కానీ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదన్నారు. ఇలా ఒకదాని వెంట ఒకటి చదివితే ఏ ఏడాదీ మర్చిపోవు. జడ్జి సంగతంటావా, 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ళు ప్రాక్టీసు ఉండాలి. ముందు మంచి కాలేజీ, తర్వాత మంచి సీనియర్ దగ్గర పని.

వ్యాఖ్యాత: చివరి కాల్ తీసుకుందాం. పుత్తూరు నుంచి. చెప్పమ్మా.

పుత్తూరు: మేడమ్, మామిడి తోట ప్రశ్నకి జవాబు. వ్యాపారి ఓడిపోతాడు.

మేడమ్: ఎందుకు? ఇచ్చేద్దామని ఆయన నోటితోనే అన్నాడు కదా.

పుత్తూరు: అన్నది భార్యతో మేడమ్. వ్యాపారికి చెప్పలేదు. మనసులో ఒప్పుకున్నా, ఇంట్లో ఒప్పుకున్నా, అడిగినవాడికి చేరాలి కదా.

మేడమ్: సరిగ్గా పట్టుకున్నావమ్మా. ఆ గుర్రం కేసులోనూ గుర్రం యజమాని ఇలాగే వేలంపాటవాడికి చెప్పాడు, గుర్రం మా బంధువుకి అమ్మేశాను, వేలంలో పెట్టొద్దని. కొంటానన్న ఆ బంధువుకి మాత్రం చెప్పలేదు. నువ్వు లా పుస్తకం చదివావా?

పుత్తూరు: లేదు మేడమ్, ఇందాక మీరు చెప్పిన సూత్రాన్నే పెట్టి చూశాను.

మేడమ్: అప్లికేషన్ పెట్టావా?

పుత్తూరు: ఇంకా లేదు.

మేడమ్: ఈ సాయంత్రమే పెట్టెయ్ తల్లీ. టెన్త్ మెమోలో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాయి.