ఎలుగుబంటి కన్ను ఊడితే పూచీ ఎవరిది?

అందరికీ నమస్కారం. ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, పొద్దున్నుంచి వంటగదిలోనే ఉండి సుండల్ తాలింపు వేస్తున్న పిన్నిగార్లకి, ట్యూషన్లు మానిపించి మరీ పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మలకి, మైకు పట్టుకొచ్చిన బాబుకి, ఇంకా ఎవరినైనా మర్చిపోతే వాళ్ళకి కూడా. నన్ను బొమ్మల కొలువు, మన సంప్రదాయం అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు మొదటి వరసలోనే ఉన్నారు. కొండపల్లి బొమ్మల్నీ, ఎర్రచందనం మరపాచి బొమ్మల జంటల్నీ అమ్మమ్మల నాటి నుంచి గుడ్డల్లో చుట్టి దాచుకొని, ఏటా మెట్లెక్కిస్తున్నవాళ్ళు. వాళ్ళ ముందు నేనేం చెప్తాను? నేను కింది మెట్టు ముందు వేసే పార్కు దగ్గర ఆగిపోయే మనిషిని. ఆ పార్కులో, మొలకల గడ్డి మధ్య కూర్చోబెట్టే రెండంగుళాల టెడ్డీ బేర్ గురించి మాట్లాడతాను. అందులోనూ దాని కళ్ళ గురించి.

నవ్వండి, పర్వాలేదు. కాసేపయ్యాక నవ్వరు.

ముందు కొంచెం చరిత్ర, త్వరగా ముగిస్తాను. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్, జనం టెడ్డీ అని పిలిచే ఆయన, మిసిసిపీలో వేటకు వెళ్ళి, కట్టేసి ఉన్న ఎలుగుబంటిని కాల్చనన్నాడు. బెర్రీమన్ అనే ఆయన దాని మీద వాషింగ్టన్ పోస్టులో కార్టూన్ వేశాడు. అది చూసి బ్రూక్లిన్‌లో మిచ్‌టమ్ అనే కొట్టాయన, ఆయన భార్య గుడ్డ ఎలుగుని కుట్టి అద్దాల్లో పెట్టారు. ఇంచుమించు అదే రోజుల్లో జర్మనీలో గీంగెన్ అనే ఊళ్ళో స్టైఫ్ కంపెనీ వాళ్ళూ చేశారు. ఆ తొలి రోజుల్లో కళ్ళేంటో తెలుసా? బూట్ల బొత్తాలు. తర్వాత గాజు కళ్ళొచ్చాయి, వెనక తీగ పెట్టి గుచ్చేవి. పిల్లలు ఊరుకుంటారా, నోట్లో పెట్టుకొని పీకేవాళ్ళు. చివరికి 1948లో బ్రిటన్‌లో వెండీ బోస్టన్ అనే ఆవిడ కంపెనీ లోపల మరతో బిగించే కన్ను తెచ్చింది. ఇప్పుడు మనం కొనే ప్లాస్టిక్ సేఫ్టీ కళ్ళు, వెనకాల వాషర్ బిళ్ళ నొక్కి బిగించేవి, ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

కానీ ఆ కన్ను మన బొమ్మకి పనికిరాదు. మినియేచర్ ఎలుగు అంటే ఐదంగుళాల లోపుది. నేను చేసేవి రెండు, మూడంగుళాలు. తలే ముప్పావు అంగుళం ఉంటే వాషర్ ఎక్కడ పెడతారు? కాబట్టి మనకు మిగిలింది రెండు మిల్లీమీటర్ల నల్లపూస, సూది, దారం. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర దేవరాజ ముదలి వీధికి వెళ్ళి అడిగితే కొట్టాయన పూసలతో పాటు ఓ గమ్ ట్యూబు కూడా చేతిలో పెడతాడు. "గమ్ పోదుం మా" అంటాడు. గమ్ చాలట!

అక్కడే నాకు మండుతుంది. ఎలా కుట్టాలో తర్వాత చెప్తాను గానీ, ముందు ఇది వినండి.

మన ఊళ్ళోనే ఒక ఈవెంట్ మేనేజర్, పేరు చెప్పను, నా దగ్గరికి ఆర్డరు తెచ్చింది. ఏడాది పాప పుట్టినరోజు, వచ్చేవాళ్ళంతా చంకన పిల్లలతో వస్తారు, రిటర్న్ గిఫ్టుగా ఒక్కొక్కరికీ ఓ చిన్న ఎలుగు. కళ్ళు మెరవాలి, ఫోటోల్లో పడాలి. నేను అన్నాను, అమ్మా, మూడేళ్ళలోపు పిల్లలకి పూస కళ్ళు పెట్టి ఇవ్వను, నల్లదారంతో ఫ్రెంచ్ నాట్, అదే సూదికి దారం చుట్టి వేసే ముడి కుట్టు, వేసి కన్ను కుట్టిస్తాను, ముద్దుగానే ఉంటుంది అని. అసలు ఆ వయసు వాళ్ళకి అంత చిన్న బొమ్మే వద్దు, గుప్పెడంత పెద్ద ముఖం ఉన్నది చేసిస్తాను అని కూడా చెప్పాను. "మీరు మరీ టెన్షన్ పడతారండీ" అని వెళ్ళిపోయింది. వేరే చోట చేయించింది. గ్లూ గన్‌తో, అంటే జిగురు కరిగించి వేడిగా పోసే దాంతో.

ఆ ఫంక్షన్‌కి నేనూ వెళ్ళాను, మా వదిన వైపు చుట్టరికం. భోజనాలప్పుడు ఒక బాబు చేతిలో ఎలుగుకి ఒక కన్నే ఉంది. రెండోది ఎక్కడ? ఎవరికీ పట్టలేదు. నేనే ఆ బాబు పిడికిలి విప్పి చూశాను, అందులో ఉంది. ఉంది కాబట్టి సరిపోయింది. పక్కనున్న పెద్దావిడ "ఇంతేగా, మింగినా పొద్దున్నే పోతుంది" అంది. అదే పూస గొంతులోకి కాక ఊపిరి దారిలోకి వెళ్తే? ఎవరూ అడగరు. ఈవెంట్ మేనేజర్‌ని అడిగితే, గ్లూ మంచిది కాదేమో అంది!

గ్లూ మంచిదా చెడ్డదా కాదు నా గొడవ. వేడిగా పోసిన జిగురు వేడికే మెత్తబడుతుంది. మే నెలలో కారు ఎండలో ఆపి, డ్యాష్‌బోర్డు మీద ఆ బొమ్మని పెట్టి చూడండి. పైగా జిగురు పట్టుకునేది వెల్వెట్ పైనున్న నూగుని, గుడ్డని కాదు. నూగుతో సహా ఊడి వస్తుంది.

సరే, సూది దగ్గరికి వద్దాం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఇది దూరం నుంచి కనపడదు.

దేవుడి విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కళ్ళు తెరిపించడం, ఆఖర్న చేస్తారు కదా, ఇక్కడ కూడా కళ్ళ తొందర వద్దు. తలలో దూది గట్టిగా, రాయిలా కూరాలి. మెత్తగా ఉంటే ఈరోజు బిగించిన దారం నాలుగు రోజుల్లో వదులవుతుంది, కన్ను వేలాడుతుంది. తలను ఒంటికి తగిలించక ముందే కళ్ళు పెట్టాలి, ఎందుకంటే ముడి వేసేది మెడ అడుగున. తర్వాత తల ఒంటికి చేరితే ముడి కనపడదు. ముందు రెండు గుండుసూదులు గుచ్చి ముఖం చూసుకోండి. కిందికి, ఎడంగా పెడితే పసిపాప. పైకి, దగ్గరగా పెడితే మా ఇంటి ఓనరు.

దారం సంగతి. మామూలు కుట్టు దారం వద్దు. పూసలు గుచ్చే నైలాన్ దారం గానీ, అది లేకపోతే మైనం పూసిన డెంటల్ ఫ్లాస్ గానీ వాడండి. నల్ల పూసకి నల్లదారమే, పక్కనుంచి కనపడుతుంది కాబట్టి. నైలాన్ దారాన్ని తేనె మైనం మీద ఓసారి లాగితే ముడి జారదు. పూస కొనేటప్పుడు కన్నం గరుగ్గా ఉందేమో చూడండి. దారాన్ని లోపల అటూ ఇటూ నాలుగుసార్లు లాగితే పీచు లేస్తే ఆ పూసను పారేయండి. గాజు అంచు దారాన్ని కోస్తుంది. ఇవాళ కాకపోతే మూడో నెలలో కోస్తుంది. తీగ ఉన్న గాజు కళ్ళు వాడేవాళ్ళు ఆ తీగ చుట్టుని పటకారుతో సన్నగా నొక్కి లోపలికి దించాలి. మన సముద్రపు గాలికి ఇనుప తీగ తుప్పు పడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

పొడుగు సూదిని మెడ అడుగు నుంచి గుచ్చి, కన్ను ఉండాల్సిన చోట బయటికి తీయండి. పూస ఎక్కించండి. ఇప్పుడు సూదిని మళ్ళీ లోపలికి దించాలి. ఎక్కడ? వచ్చిన కన్నంలోనే కాదు! పూస వెడల్పంత పక్కన. మళ్ళీ చెప్తున్నా, వచ్చిన కన్నంలో కాదు. అక్కడే దించితే ఆ దారం గుడ్డ దేన్నీ పట్టుకోదు, పూస ఊగుతూనే ఉంటుంది. కింద మెడ దగ్గర కూడా అంతే, మొదటి కొస వచ్చిన చోటికి రెండు మిల్లీమీటర్లు పక్కన రెండో కొస రావాలి. ఆ రెండు కొసల మధ్య ఉన్న గుడ్డే ముడిని ఆపేది. ఒకే కన్నంలోంచి రెండు కొసలూ వస్తే, లాగినప్పుడు ముడి లోపలికి జారిపోతుంది. చాలామంది బొత్తాం కుట్టిన అలవాటులో ఇక్కడే తప్పుతారు.

ఇప్పుడు రెండు కొసల్నీ కన్ను గుంటలోకి దిగేదాకా లాగండి. డాక్టర్లు కుట్లు వేసేటప్పుడు వేసే ముడి వేయండి, మొదటి చుట్టు ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పాలి, అప్పుడు పట్టు సడలదు. దాని మీద ఇంకో రెండు ముడులు. పెళ్ళికి మూడు ముళ్ళు సరిపోయినప్పుడు ఎలుగుకి సరిపోవా! మిగిలిన కొసల్ని కత్తిరించి వదిలేయకుండా, సూదితో తల లోపలికి పోనిచ్చి, దూరంగా తీసి కత్తిరించండి. రెండో కన్నుకి వేరే దారం. ఒకే దారంతో రెండూ కుట్టేస్తే ఒకటి తెగితే రెండూ పోతాయి.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయిందండీ, ఒక్క మాట.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు ఉండాలి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. మంచిదే, మనలాంటి వాళ్ళకి ప్రతి బొమ్మనీ ల్యాబుకి పంపే స్తోమత ఎక్కడిది? కానీ మినహాయింపు వచ్చింది సర్కారు పరీక్షకి, పిల్లవాడి గొంతుకి కాదు. యూరప్‌లో బొమ్మ కన్ను 6 మిల్లీమీటర్లు దాటితే 90 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే సుమారు తొమ్మిది కిలోల బరువు. 6 మిల్లీమీటర్లు, ఆ లోపు అయితే 50 న్యూటన్లు. చిన్న ముక్కల్ని కొలవడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం ఉంటుంది. అందులో పట్టేది ఏదైనా మూడేళ్ళలోపు పిల్లలకి పనికిరాదు. ఎవరైనా అంగుళం ఎలుగు చేస్తే, దాని కన్నే కాదు, ఎలుగే మొత్తంగా అందులో పడిపోతుంది!

అందుకే అడుగుతున్నాను. ఇవాళ మీ చేతికిచ్చిన బొమ్మల్లో నావి కొన్ని, ఆ పక్క స్టాల్ వాళ్ళవి కొన్ని ఉన్నాయి, ఏవి ఎవరివో చెప్పను. గోటితో కన్ను పట్టుకొని లాగండి. మొహమాటం వద్దు, గట్టిగా. ఊడితే ఆ కన్ను నా చేతికివ్వండి, కింద పడేయకండి, పిల్లలున్నారు.

ప్రెసిడెంటు గారూ, వచ్చే ఎగ్జిబిషన్‌కి స్టాళ్ళు ఇచ్చేముందు ఇలా లాగి చూసే ఒక మనిషిని గుమ్మం దగ్గర పెట్టండి. పూస కన్నున్న ప్రతి బొమ్మకీ "పిల్లలకి కాదు, కొలువుకి మాత్రమే" అని చీటీ కట్టించండి. ఆ చీటీలు నేనే రాసిస్తాను, డబ్బులొద్దు. మీరు సరే అంటేనే మైకు ఇస్తాను.