కొట్లాట కేసు రాజీ అయితే దెబ్బలు తిన్నవాళ్లకు మిగిలేదేమిటి?

(స్టూడియో చర్చ లిఖిత రూపం. పాల్గొన్నవారు: మెజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ)గా పనిచేసి రిటైరైన ఒక అధికారి, క్రిమినల్ కేసులు వాదించే ఒక న్యాయవాది, న్యాయ సేవాధికార సంస్థ తరఫున పనిచేసే ఒక పారా లీగల్ వాలంటీర్.)

యాంకర్: నమస్కారం. గట్టు తగాదా కావచ్చు, బండి పెట్టే చోటు గురించి కావచ్చు, మాటా మాటా పెరిగి చెయ్యి లేస్తుంది. కేసవుతుంది. ఆ తర్వాత మెజిస్ట్రేట్ కోర్టులో ఏం జరుగుతుందో ఇవాళ మాట్లాడుకుందాం. పీపీ గారూ, చిన్న కేసు, పెద్ద కేసు అని ఎలా తేలుస్తారు?

మాజీ ఏపీపీ: గాయం ఎలాంటిది, దేంతో కొట్టారు. ఈ రెండే ముఖ్యం. చేత్తో కొడితే మామూలు గాయమైంది అనుకోండి, భారతీయ న్యాయ సంహిత 115(2). ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే గాయం కత్తిలాంటి ఆయుధంతో చేస్తే 118(1), మూడేళ్ల వరకు. తీవ్ర గాయమైతే 117(2), ఏడేళ్ల వరకు. ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 118(2). అందులో తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువంటే యావజ్జీవం. పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి)లోని 323, 324, 325, 326 ఇవే. 2024 జూలై 1కి ముందు జరిగిన గొడవలకు ఇప్పటికీ ఆ పాత చట్టమే వర్తిస్తుంది.

యాంకర్: తీవ్ర గాయం అంటే ప్రాణం మీదికి రావాలా?

మాజీ ఏపీపీ: అక్కర్లేదు. ఎముక విరిగినా, పన్ను విరిగినా, పన్ను కదిలి స్థానం తప్పినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. ఒక్క గుద్దుకి పన్ను ఊడితే అది ఏడేళ్ల సెక్షన్. అందుకే డాక్టర్ గాయాల వివరాలతో రాసే వుండ్ సర్టిఫికెట్ మీద కేసంతా ఆధారపడుతుంది.

న్యాయవాది: ఎక్స్‌రే లేకుండా ఎముక విరిగిందని రాసిన సర్టిఫికెట్లు కూడా వస్తాయి సార్. వాటిని మేం నిలదీయక తప్పదు.

వాలంటీర్: దెబ్బ తగిలిన రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఆ గొడవే ఉండదండీ. మనవాళ్లు ముందు దగ్గర్లో ఎవరి చేతో కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్తారు. మూడో రోజు, అవతలివాళ్లు మళ్లీ ఏదో అన్నారని స్టేషన్‌కి వస్తారు. అప్పటికి వాపు తగ్గిపోతుంది. ఎవరు కొట్టారు, దేంతో కొట్టారు అన్నది డాక్టరుకి మొదటిరోజే చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకు సంబంధించిన గాయంగా రాయించుకోవాలి.

మాజీ ఏపీపీ: ఇంకో సంగతి. 115(2) ఒక్కటే ఉంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. 'మా ఫిర్యాదు పట్టించుకోలేదు' అనుకునే వాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే.

యాంకర్: ఛార్జిషీటు పడ్డాక?

న్యాయవాది: మామూలు గాయం కేసులు చాలావరకు రాజీతోనే ముగుస్తాయి. 115(2)లో రాజీకి కోర్టు అనుమతి కూడా అవసరం లేదు. 117(2)లో అనుమతి కావాలి. రాజీ రికార్డయితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఒకటి గుర్తుపెట్టుకోండి, రాజీ చేసుకునే హక్కు గాయపడిన మనిషిది. ఫిర్యాదు రాసిచ్చిన అన్నదో, బావదో కాదు.

యాంకర్: 118(2) కేసైతే?

న్యాయవాది: కింది కోర్టులో రాజీ కుదరదు. రెండు పక్షాలూ హైకోర్టుకి వెళ్లి కేసు కొట్టేయమని అడగాలి. తీవ్రమైన నేరాలు కానిచోట రాజీని చూసి హైకోర్టు అలా చేయొచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మాజీ ఏపీపీ: అంత దూరం ఎవరు వెళ్తున్నారండీ? బయట మాట్లాడుకుంటారు. సాక్షి బోనెక్కి 'ఎవరు కొట్టారో చూడలేదు' అంటాడు. సాక్షి ఎదురు తిరిగాడని, అంటే హాస్టైల్ అని రాసుకుని కూర్చోవాలి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పించడాన్ని నేను రాజీ అనను.

న్యాయవాది: సార్, పక్కపక్క ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలా? కూలి పోగొట్టుకుని...

వాలంటీర్: లాయర్ గారూ, రాజీ వద్దని నేనూ అనను. రాజీలో దెబ్బలు తిన్నవాళ్లకు ఏం దక్కింది అన్నదే నా బాధ. ఒక తాపీ మేస్త్రి ఉన్నాడు. మణికట్టు విరిగి మూడు నెలలు పనికి వెళ్లలేదు. పెద్దమనుషులు చెప్పారని సంతకం పెట్టాడు. వైద్యం ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు, అతనికి అడగాలని తెలియదు. అప్పు మాత్రం అతని నెత్తిన పడింది. రాజీలు కుదిర్చే లోక్ అదాలత్‌లో ఒక్క ఐదు నిమిషాలు అతన్ని పక్కకు పిలిచి, 'నీకిది ఇష్టమేనా, ఖర్చెంతయింది' అని అడిగితే చాలు. అవార్డ్, అంటే రాజీని ఖాయం చేసే ఉత్తర్వు అయ్యాక దాని మీద అప్పీలు ఉండదు కదా.

యాంకర్: రాజీ కాకుండా నేరం రుజువైతే జైలు ఖాయమేనా?

మాజీ ఏపీపీ: కాదు. మొదటి తరగతి మెజిస్ట్రేట్ మూడేళ్లకు మించి జైలు వేయలేరు. అంతకన్నా ఎక్కువ పడాలనిపిస్తే చీఫ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌కి పంపాలి. మొదటిసారి తప్పు చేసినవాడైతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడికకు బాండు రాయించుకుని వదలొచ్చు. 21 ఏళ్ల లోపు కుర్రాడిని జైలుకు పంపాలంటే కారణాలు రాయాలి. యావజ్జీవం పడే అవకాశం ఉంది కాబట్టి 118(2)కి ఈ వెసులుబాటు వర్తించదు.

యాంకర్: కొత్త చట్టంలో సమాజ సేవ శిక్ష ఉందంటున్నారు...

మాజీ ఏపీపీ: ఉంది, కానీ కొన్ని చిన్న నేరాలకే. గాయపరిచిన కేసులకు పెట్టలేదు.

యాంకర్: జరిమానా డబ్బు బాధితుడికి వెళ్తుందా?

న్యాయవాది: దానంతట అది వెళ్లదు. ప్రభుత్వానికి జమవుతుంది. అందులోంచి నష్టపరిహారం ఇప్పించే అధికారం కోర్టుకుంది, కోర్టుల పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 395. ప్రతి కేసులోనూ కోర్టు దీని గురించి ఆలోచించి తీరాలని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రొబేషన్ ఇచ్చినా పరిహారం కట్టమనొచ్చు.

వాలంటీర్: అడిగేవాళ్లు లేకే అది కాగితం మీద ఉండిపోతోంది. సాక్ష్యం చెప్పేరోజు బిల్లులు తెచ్చి పీపీ గారికివ్వండి, పనికి వెళ్లని రోజులు చెప్పండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

యాంకర్: ఫోన్‌లో ఒకరున్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: నమస్తే మేడం. మేం వాళ్ల మీద పెట్టాం, వాళ్లు మా మీద కౌంటర్ కేసు పెట్టారు. మా కేసు రాజీ చేసుకుంటే వాళ్లదీ పోతుందా?

న్యాయవాది: పోదండీ. రెండూ వేర్వేరు కేసులు. ఒకే జడ్జి ముందుకు రావాలన్నది నిజమే, కానీ ఒకదాని సాక్ష్యాన్ని ఇంకోదానికి వాడరు. రాజీ అయితే రెండింటిలోనూ ఒకేరోజు రికార్డు చేయించండి. మీ సంతకం అయ్యాక వాళ్లు మనసు మార్చుకుంటే ఇబ్బంది పడేది మీరే.

వాలంటీర్: మీ ఇంట్లో దెబ్బలు ఎవరికి తగిలాయి?

ప్రేక్షకుడు: మా అమ్మకి మేడం. చెయ్యి విరిగింది.

వాలంటీర్: అయితే రాజీకి ఒప్పుకోవాల్సింది ఆవిడ. ముందు ఆవిడని అడగండి. వాయిదాకి ఆవిడతో పాటు ఎక్స్‌రే, ఆస్పత్రి బిల్లులు కూడా తీసుకుని రండి.