బ్రిటన్ టీవీలో ఒక శనివారం

శ్రోతలకు నమస్కారం.

శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మాంచెస్టర్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైందనుకోండి. మనకు అప్పుడు చలికాలమైతే రాత్రి ఎనిమిదిన్నర, వేసవి అయితే ఏడున్నర. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు ఆ ఆటను టీవీలో ప్రత్యక్షంగా చూడొచ్చు. స్టేడియం పక్క వీధిలో కాపురం ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వీలు లేదు.

అది సాంకేతిక లోపం కాదు, కావాలని పెట్టుకున్న కట్టుబాటు. శనివారం 2:45 నుంచి 5:15 దాకా అక్కడి టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం మామూలుగా ఉండదు. 1960లలో బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ దీనికోసం పట్టుబట్టారు. పెద్ద జట్ల ఆట ఇంట్లోనే కనిపిస్తుంటే, కింది డివిజన్లలో ఆడే చిన్న ఊరి జట్టును చూడ్డానికి చలిలో టికెట్ కొనుక్కుని ఎవరొస్తారన్నది ఆయన వాదన. చిన్న క్లబ్బులకు గేటు దగ్గర వచ్చే డబ్బే ప్రాణం కాబట్టి ఆ వాదనలో న్యాయం ఉంది. అందుకే ఫుట్‌బాల్ ఆ రెండున్నర గంటలకు అటూ ఇటూ సర్దుకుంది. పన్నెండున్నరకు ఒక మ్యాచ్, సాయంత్రం ఐదున్నరకు ఇంకొకటి, ఇవి డబ్బు కట్టి చూసే చానెళ్ళలో వస్తాయి. రాత్రి పొద్దుపోయాక బీబీసీలో అన్ని మ్యాచ్‌ల ముఖ్యాంశాలు వేస్తారు. ఈ ముఖ్యాంశాల కార్యక్రమం 1964 ఆగస్టు 22న లివర్‌పూల్, ఆర్సెనల్ ఆటతో మొదలై నేటికీ నడుస్తోంది.

మధ్యాహ్నం ఖాళీలో గుర్రప్పందేలు, రగ్బీ, పాత సినిమాలు వస్తాయి. ఈ సినిమాల దగ్గర ఒక చిత్రమైన లెక్క ఉంది. థియేటర్లో సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. బ్రిటన్ కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవర్తనాలు, అందుకని అక్కడి టీవీని అందులో సగానికి, అంటే సెకనుకు 25 ఫ్రేములకు కుదిర్చారు. ఒక ఫ్రేము తేడాకు ఏం చేస్తారంటే, సినిమానే కాస్త వేగంగా తిప్పేస్తారు. దాంతో రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది. ఒక్క సీను కూడా కోయలేదు, అయినా దాదాపు ఐదు నిమిషాలు తగ్గింది. వేగంతో పాటు శబ్దం శ్రుతి కూడా పెరుగుతుంది. సరిదిద్దకుండా వదిలేస్తే, ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నర శ్రుతి వైపు దాదాపు ముప్పాతిక దూరం జరిగి వినిపిస్తుంది. మన దేశంలోనూ 50 హెర్ట్జ్, 25 ఫ్రేములే కాబట్టి ఇక్కడి టీవీకీ ఇదే చిక్కు.

డాక్యుమెంటరీల నిడివి వెనక మరో లెక్క ఉంది. బీబీసీకి టీవీ చూసేవాళ్ళు కట్టే లైసెన్సు రుసుమే ముఖ్య ఆధారం, అక్కడ ప్రకటనలుండవు. అందువల్ల గంట కార్యక్రమం దాదాపు గంటా వస్తుంది. అదే కార్యక్రమాన్ని విదేశీ వాణిజ్య చానెళ్ళకు అమ్మాలంటే ప్రకటనలకు చోటు వదలాలి. 2006 నాటి భారీ ప్రకృతి సిరీస్‌కు అసలు కథ 50 నిమిషాలు పెట్టి, చివర పది నిమిషాలు చిత్రీకరణ ఎలా జరిగిందో చూపించారు. అమ్మేటప్పుడు ఆ పది నిమిషాలు తీసేయొచ్చు.

లైసెన్సు మాట వచ్చింది కాబట్టి, చదువుకోడానికి బ్రిటన్ వెళ్ళే మన పిల్లలకు ఒక ముఖ్యమైన సంగతి. ఏ చానెలైనా ప్రత్యక్షంగా చూస్తే, ఫోన్‌లో చూసినా సరే, లైసెన్సు ఉండాలి. ఇక్కడి తెలుగు చానెల్ ప్రసారాన్ని అక్కడ లైవ్‌లో చూసినా అంతే. 2025 ఏప్రిల్‌లో ఆ రుసుము ఏడాదికి 174.50 పౌండ్లయింది. ఇల్లంతా కలిసి ఒకే అద్దె ఒప్పందం మీద తీసుకుంటే ఒక లైసెన్సు చాలు. గదికో ఒప్పందం ఉంటే మాత్రం ఎవరిది వాళ్ళే తీసుకోవాలి.

ప్రకృతి డాక్యుమెంటరీలకు మారుపేరైన డేవిడ్ అటెన్‌బరో 1965 నుంచి కొన్నేళ్ళు బీబీసీ 2 చానెల్ అధిపతి. 1967 జూలై 1న అక్కడ రంగుల ప్రసారం మొదలైంది ఆయన హయాంలోనే, వింబుల్డన్ టెన్నిస్‌తో. రంగుల తెర మీద తెల్ల బంతి గీత దగ్గర పడితే సరిగా ఆనేది కాదు. 1972లో పసుపు బంతికి అంతర్జాతీయ అనుమతి వచ్చింది, వింబుల్డన్ మాత్రం 1986 దాకా తెల్ల బంతినే పట్టుకుని కూర్చుంది. స్నూకర్ కూడా రంగుల పుణ్యమా అనే ఇంటింటికీ చేరింది. నలుపు తెలుపు టీవీలో గులాబీ బంతి ఏదో పసుపు బంతి ఏదో పోల్చుకోవడమే కష్టం. 1985 ప్రపంచ ఫైనల్ చివరి నల్ల బంతి దాకా వచ్చి అర్ధరాత్రి దాటితే, కోటీ 85 లక్షల మంది మేలుకుని చూశారు.

రాత్రి 9 దాటాకే పెద్దల సినిమాలు. పొద్దున ఐదున్నర వరకే వాటికి అనుమతి.

ఇదంతా చూసేవాళ్ళను చూసే గది ఇంకొకటుంది, అది విద్యుత్ గ్రిడ్ కంట్రోల్ రూమ్. ఆటలో విరామం రాగానే లక్షల మంది లేచి టీ కోసం కెటిల్ పెడతారు. ఒక్కో కెటిల్ 3 కిలోవాట్లు. 1990 జూలై 4న ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్ సెమీఫైనల్లో పెనాల్టీలు ముగిసిన మరుక్షణం డిమాండ్ 2,800 మెగావాట్లు ఎగబాకింది. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం మొత్తం సామర్థ్యం 900, అలాంటివి మూడున్నా చాలవన్నమాట. ఆట అదనపు సమయానికి పోతే గ్రిడ్ వాళ్ళ అంచనా అంతా తారుమారు. ముందే కరెంటు వదిలితే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దాటుతుంది, ఆలస్యమైతే పడిపోతుంది. అందుకే టీవీ పెట్టుకుని ఆట చూస్తూనే మీట దగ్గర కాచుకుంటారు.

ఆ సమయానికి అక్కరకొచ్చేది వేల్స్ కొండ లోపల 1984లో తెరిచిన డినార్విగ్ జలవిద్యుత్ కేంద్రం. దానికి కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు ఉన్నాయి. సంపీడన గాలితో నీటిని కిందికి నెట్టి, టర్బైన్లను గాలిలోనే తిప్పుతూ సిద్ధంగా ఉంచుతారు. కబురు రాగానే పైచెరువు నీళ్ళు వదిలితే 12 సెకన్లలో 1,320 మెగావాట్లు అందుతాయి. ఇప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో కొన్ని సెకన్లు వెనకగా చూస్తున్నారు, ఎవరి టీ వాళ్ళు వేర్వేరు వేళల్లో పెట్టుకుంటున్నారు. ఆ ఉప్పెన మునుపటంత ఎత్తు లేవడం లేదు. చివరి సినిమా అయ్యి ఊరు నిద్రపోయాక, చౌకగా దొరికే కరెంటుతో కిందిచెరువు నీళ్ళను మళ్ళీ కొండ మీదికి తోడేస్తారు.