ఇంటి పన్నులోని ఎనిమిది పైసలు ఎక్కడ ఆగుతున్నాయి?

(స్టూడియో చర్చ, లిఖిత రూపం. పాల్గొన్నవారు: ముప్పై ఏళ్లకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసిన విశ్రాంత గ్రంథపాలకురాలు, మున్సిపల్ కమిషనర్‌గా పనిచేసి విరమించిన అధికారి, హైదరాబాద్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న అభ్యర్థి.)

సమన్వయకర్త: నమస్కారం. ఇంటి పన్ను రసీదు దగ్గరలో ఉంటే ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక చిన్న పద్దు కనిపిస్తుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. 2,000 రూపాయల పన్ను కట్టే ఇంటివారు దానిమీద 160 రూపాయలు పుస్తకాల కోసం కడుతున్నారన్నమాట. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖా గ్రంథాలయాలు డబ్బు లేక నీరసించిపోతున్నాయి. మేడమ్, దీన్ని నిధుల కోత అనవచ్చా?

గ్రంథపాలకురాలు: నాకు ఆ మాట నచ్చదండీ. కోత అంటే ఎవరో ఇస్తున్నది తగ్గించడం. ఇక్కడ ఇచ్చింది మీరు, నేను, మన వీధిలోవాళ్లు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీ, మున్సిపాలిటీ ఆ సెస్సును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు జరుగుతూనే ఉంది. జమ దగ్గరే ఆగిపోతోంది. పుస్తకాలు కొనాలన్నా, పత్రికలు తెప్పించాలన్నా, భవనానికి అద్దె కట్టాలన్నా మాకు పెద్ద దిక్కు ఆ డబ్బే.

సమన్వయకర్త: అది ఆగితే గ్రంథాలయం లోపల ముందుగా దెబ్బతినేది ఏది?

గ్రంథపాలకురాలు: దినపత్రికలు. పుస్తకాలు పాతబడతాయే గానీ అలమరలో ఉంటాయి. పేపరు అలా కాదు, ఏ రోజుది ఆ రోజే రావాలి. ఏజెంటు మూడు నెలలు ఓపిక పడతాడు, తర్వాత ఒక్కొక్కటే తగ్గిస్తాడు. పత్రికలు చదివే బల్ల మీరు చూసే ఉంటారు, వాలుగా పొడవుగా ఉంటుంది, పేపరు ఎగిరిపోకుండా మధ్యలో ఇనుప కడ్డీ ఉంటుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో, పేరు చెప్పను, తపాలా శాఖలో చేసి విరమించిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఉదయం ఎనిమిదింటికి నేను తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవారు. ఆయన చదివే పత్రిక ఆగిపోయిన రోజు ఖాళీ కడ్డీ పక్కన నిలబడి, "రేపు వస్తుందా అమ్మా?" అని అడిగారు. మర్నాడూ అడిగారు. రెండు నెలలు నా డబ్బుతో తెప్పించాను. తర్వాత నావల్ల కాలేదు. ఆయన రావడం మానేశారు. నా ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

సమన్వయకర్త: కమిషనర్ గారూ, ఆ డబ్బు మీ ఖాతాలో ఎందుకు ఆగుతుంది?

మాజీ కమిషనర్: దాచకుండా చెబుతాను. పన్నుల డబ్బు అంతా వచ్చి ఒకేచోట పడుతుంది. ఒకటో తారీఖుకు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు సిద్ధంగా ఉండాలి. వీధి దీపాల కరెంటు బిల్లు, మోటార్ల మరమ్మతులు, ఎండాకాలంలో నీటి ట్యాంకర్లు ఉంటాయి. రెండు రోజులు చెత్త ఎత్తకపోతే ఊరు ఊరంతా ఆఫీసు ముందు నిలబడుతుంది. గ్రంథాలయ సంస్థ మాత్రం ఒక లేఖ రాస్తుంది. ఆ లేఖ ఫైలులోకి పోతుంది. వచ్చే నెల చూద్దామని నేనూ ఆపాను. అది తప్పని తెలిసే ఆపాను.

గ్రంథపాలకురాలు: ఆ మాట ఒప్పుకున్నందుకు సంతోషం సార్. కానీ ఒకటి అడుగుతాను. కార్మికుల జీతం నుంచి కోసిన భవిష్యనిధి డబ్బును అలాగే వాడుకుంటే ఊరుకునేవారా? సెస్సు మున్సిపాలిటీ ఆదాయం కాదు. మీ చేతుల మీదుగా వెళ్లే పరాయి సొమ్ము.

మాజీ కమిషనర్: నిజమే. కాకపోతే అడిగే గొంతు లేదమ్మా అక్కడ. నా హయాంలో గ్రంథాలయం కోసం ఒక్క కౌన్సిలరు సమావేశంలో లేచి మాట్లాడిన గుర్తు లేదు.

సమన్వయకర్త: కొందరు ఆ 8 పైసలు చాలవు, పెంచాలి అంటారు. పొరుగు రాష్ట్రాలు చూడండి. తమిళనాడులో 10 పైసలు. కర్ణాటకలో 6. కేరళలో 5 పైసలే. అక్కడ వేల గ్రామీణ గ్రంథాలయాలు నడుస్తున్నాయి, వాటి ప్రతినిధులే లైబ్రరీ కౌన్సిల్‌ను ఎన్నుకుంటారు. అంటే మన రేటు మరీ తక్కువేమీ కాదు. 20,000 ఇళ్లున్న పట్టణంలో ఇంటికి సగటున 2,000 పన్ను అనుకోండి. ఏటా 32 లక్షలు పుస్తకాల వైపు రావాలి. ఆ డబ్బు నిజంగా వస్తే ఏ పట్టణ గ్రంథాలయమైనా కళకళలాడుతుంది. అమ్మా, మీరు చెప్పండి, మీ తరానికి గ్రంథాలయంతో ఇంకా పని ఉందా?

అభ్యర్థి: పొద్దున్నే తలుపులు తీయకముందే బయట వరస కట్టేది మేమే సార్. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. ఒకరు ఫోన్ మాట్లాడితే మిగతా ముగ్గురి చదువు ఆగిపోతుంది. ప్రైవేటు రీడింగ్ హాళ్లున్నాయి, వాటికి నెల నెలా డబ్బు కట్టాలి. మా నాన్న కౌలు రైతు, పంట డబ్బు వచ్చినప్పుడే పంపగలరు. డబ్బు అడగకుండా రోజంతా కూర్చోనిచ్చే చోటు నాకు గ్రంథాలయం ఒక్కటే. కుర్చీ దొరకని రోజు చెట్టు కింద కూర్చుని చదువుతాం.

సమన్వయకర్త: పుస్తకాల సంగతి?

అభ్యర్థి: చాలామంది సొంత పుస్తకాలే తెచ్చుకుంటారు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకం ఉంది. అందులో తెలంగాణ జిల్లాలు 10 అని అచ్చయి ఉంది. 2016లో జిల్లాలు పెరిగాక ఎవరో 10 కొట్టేసి పెన్సిల్‌తో 31 అని రాశారు. 2019లో ఇంకో చేతిరాత, అదీ కొట్టేసి 33. ఆ పేజీ చూస్తే నాకు ఏడుపొచ్చింది. నాకంటే ముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు, తర్వాత వచ్చేవాళ్లు తప్పు చదవకూడదని దిద్ది వెళ్లారు. కొత్త పుస్తకం మాత్రం రాలేదు.

మాజీ కమిషనర్: ఇప్పుడు అన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి కదమ్మా. డిజిటల్ గ్రంథాలయాలు పెడితే ఖర్చు తగ్గదా?

అభ్యర్థి: పుస్తకం ఫోన్‌లో దొరుకుతుంది సార్. ఫ్యాను, బల్ల, నిశ్శబ్దం దొరకవు. ఆడపిల్లలకు చీకటి పడేదాకా నిశ్చింతగా కూర్చునే చోటు అసలే దొరకదు.

గ్రంథపాలకురాలు: ఈ అమ్మాయి చెప్పింది విన్నాక నాకు పాత సంగతులు గుర్తొస్తున్నాయి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు సెస్సు లేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారి వంటివారు గ్రంథాలయ సంఘం కట్టినప్పుడూ చట్టం లేదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం చందాలతోనే మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం దగ్గర కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా పంపారు. పడవ ఆగిన రేవులో జనం పుస్తకం తీసుకునేవారు, తిరుగు ప్రయాణంలో ఇచ్చేసేవారు. చట్టం లేని రోజుల్లో పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. ఇప్పుడు చట్టం ఉంది, పన్ను ఉంది, భవనం ఉంది. ఏజెంటు బిల్లుకు మాత్రం డబ్బుండదు. నాకు దీని మీద కోపం ఉంది, ఆ కోపం దాచుకోవాలనీ లేదు.

సమన్వయకర్త: కమిషనర్ గారూ, మీరు మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తారు?

మాజీ కమిషనర్: డబ్బు నా ఖాతాకు రాకుండా చూస్తాను. ఇప్పుడు పన్ను ఆన్‌లైన్‌లో కడుతున్నారు. కట్టిన క్షణంలోనే ఆ 8 పైసలు విడిపోయి నేరుగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా చేయడం పెద్ద పని కాదు. చేతికి వచ్చిన డబ్బును అవసరం వదలదు, ఎంత మంచి అధికారి అయినా వాడేస్తాడు. పాత బకాయిలకు వాయిదాలు కట్టుకోవచ్చు. ముందు కొత్త బకాయి పుట్టకూడదు.

సమన్వయకర్త: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండి సార్.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మీరు చెప్పాక రసీదు తీసి చూశానండీ. నిజంగానే సెస్సు ఉంది. ఇన్నేళ్లూ చూడనేలేదు. మా లైబ్రరీలో కొత్త పుస్తకం చూసి ఎన్నాళ్లయిందో. నేను ఎవరిని అడగాలి?

మాజీ కమిషనర్: సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకైతే పది రూపాయల రుసుము, గ్రామ పంచాయతీకైతే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: ఏమని రాయాలి? ఒక్క నిమిషం, కాగితం తెచ్చుకుంటాను... చెప్పండి.

మాజీ కమిషనర్: గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో గ్రంథాలయ సెస్సు కింద ఏటా ఎంత వసూలు చేశారు? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత, ఏ తేదీన జమ చేశారు? ఇంకా చెల్లించాల్సిన బకాయి ఎంత? ఇంతే.

గ్రంథపాలకురాలు: ఇంకొకటి రాసుకోండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు వేరుగా దరఖాస్తు పెట్టి, మా ఊరి నుంచి మీకు అందింది ఎంత అని అడగండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మున్సిపాలిటీకి ఒకటి, గ్రంథాలయ సంస్థకు ఒకటి. రాసుకున్నానండీ. సోమవారం ఆఫీసు తెరవగానే ఇస్తాను.